తలా ఒక డాలరు: పుట్టుకతో వచ్చే పౌరసత్వం, దాన్ని నిలబెట్టిన కేసులు

(2025 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ నెల 5వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు ఒక కేసును విచారణకు తీసుకుంది. పేరు ట్రంప్ వర్సెస్ బార్బరా. బార్బరా అన్నది అసలు పేరు కాదు, కోర్టులో వాడుకుంటున్న మారుపేరు. హోండురాస్ నుంచి వచ్చి ఇక్కడ ఆశ్రయం కోరుకున్న ఒక తల్లి ఆమె. ఆమె ఎవరో మనకు తెలియదు, ఆమెకు మనం తెలియదు. కానీ ఈ హాల్లో ఒళ్ళో పిల్లల్ని పెట్టుకుని కూర్చున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ పిల్లల తరఫున కూడా కోర్టులో నిలబడింది ఆవిడే.

విషయం మీకు తెలిసిందే అయినా ఒకసారి సరిగ్గా చెప్పుకుందాం. వాట్సాప్‌లో తిరిగే మాటలకూ అసలు ఉత్తర్వులో ఉన్నదానికీ చాలా తేడా ఉంది. 2025 జనవరి 20న, పదవి చేపట్టిన రోజునే, అధ్యక్షుడు ట్రంప్ 14160 నంబరు ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ మీద సంతకం పెట్టారు. ఆ తేదీ నుంచి ముప్పై రోజుల తర్వాత అమెరికాలో పుట్టే పిల్లలకు అది వర్తిస్తుంది. తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో కాకపోతే, తల్లి హోదా ఏమిటని చూస్తారు. ఆమె చట్టబద్ధమైన హోదా లేకుండా ఉన్నా, లేదా హోదా ఉండి అది తాత్కాలికమే అయినా, బిడ్డకు పౌరసత్వం లేదు. తాత్కాలికం అంటే విజిటర్ వీసా ఒక్కటే కాదు. స్టూడెంట్ వీసా, ఉద్యోగానికి ఇచ్చే హెచ్-1బి, హెచ్-1బి వాళ్ళ కుటుంబానికి ఇచ్చే హెచ్-4 అన్నీ అందులోకే వస్తాయి. పదేళ్ళుగా ఇక్కడ ఉద్యోగం చేస్తూ, పన్నులు కడుతూ, ఇల్లు కొనుక్కుని ఉన్న దంపతులిద్దరూ గ్రీన్‌కార్డు వరుసలో ఉంటే, వాళ్ళకు పుట్టే బిడ్డ కూడా ఈ ఉత్తర్వు లెక్కలో పరాయిబిడ్డే.

ఆ వరుస సంగతి మీకు నేను చెప్పేదేముంది! ఏ దేశానికీ ఏడు శాతం దాటకూడదన్న పరిమితి వల్ల, ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డుల్లో, ముఖ్యంగా ఈబీ-2, ఈబీ-3 విభాగాల్లో, భారతీయుల వంతు 2025 డిసెంబరు నాటికి 2013లో దరఖాస్తు పెట్టినవాళ్ళ దగ్గర నడుస్తోంది. దాని ఫలితం మన ఇళ్ళల్లోనే కనిపిస్తుంది. హైదరాబాద్‌లో పుట్టి రెండేళ్ళప్పుడు వచ్చిన అక్కకు ఇరవై ఒకటి నిండితే తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి జారిపోయే భయం. ఇక్కడే పుట్టిన తమ్ముడికి ఆ భయం లేదు. ఈ ఉత్తర్వు అమల్లోకి వస్తే ఇకమీదట పుట్టే తమ్ముళ్ళదీ అక్క పరిస్థితే.

ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఈ ఒక్క ఉత్తర్వు గురించి కాదు. తమ్ముడికి ఆ హక్కు ఎక్కడినుంచి వచ్చింది, దాన్ని ఎవరు కోర్టుకెక్కి నిలబెట్టారు, ఖర్చు ఎవరు భరించారు, మనం ఏం చెయ్యాలి అన్నది నా విషయం.

1857లో డ్రెడ్ స్కాట్ అనే బానిస తన స్వేచ్ఛ కోసం వేసిన కేసులో, ఆఫ్రికా సంతతివాళ్ళు ఈ దేశపు పౌరులు కాలేరని ప్రధాన న్యాయమూర్తి టేనీ తీర్పు రాశాడు. అంతర్యుద్ధం జరిగింది, లక్షల మంది చనిపోయారు, ఆ తర్వాత 1868లో పద్నాలుగో సవరణ వచ్చింది. అమెరికాలో పుట్టి, దాని అధికార పరిధికి లోబడి ఉన్న వ్యక్తులందరూ పౌరులే అని దాని మొదటి వాక్యం. ఇది నల్లజాతి వాళ్ళ కోసమే రాసిందనీ, వలస వచ్చినవాళ్ళ పిల్లల గురించి అప్పుడెవరూ ఆలోచించలేదనీ అంటుంటారు. అది నిజం కాదు. 1866లో సెనేట్‌లో ఈ వాక్యం మీద చర్చ జరుగుతుండగా పెన్సిల్వేనియా సెనేటర్ కోవన్ సూటిగా అడిగాడు: చైనావాళ్ళ పిల్లలూ పౌరులవుతారా, జిప్సీల పిల్లలూ పౌరులవుతారా అని. కాలిఫోర్నియా సెనేటర్ కానెస్, ఆయనే ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాడు, అవుతారని జవాబు చెప్పాడు. ఆ జవాబు విన్న తర్వాతే సభ ఓటు వేసింది. వలసదారుల పిల్లల సంగతి తెలిసే రాసిన వాక్యం ఇది.

రాజ్యాంగంలో వాక్యం ఉన్నంత మాత్రాన హక్కు ఇంటికి నడిచి రాదు. ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని కోర్టు మెట్లెక్కాలి. మొదట ఎక్కినవాళ్ళలో కొందరు ఇక్కడికి గంట దూరంలో, శాన్ ఫ్రాన్సిస్కోలో బట్టలుతికే చైనావాళ్ళు.

1880లో శాన్ ఫ్రాన్సిస్కో నగరం ఒక నిబంధన పెట్టింది. చెక్క కట్టడంలో లాండ్రీ నడపాలంటే బోర్డు అనుమతి తెచ్చుకోవాలి. అగ్నిప్రమాదాల భయం కాబోలు అనుకుంటాం. ఊళ్ళో ఉన్న సుమారు 320 లాండ్రీల్లో 310 చెక్కవే. 240 దాకా చైనావాళ్ళవి. అనుమతి కోసం వెళ్ళిన దాదాపు 200 మంది చైనావాళ్ళలో ఒక్కరికీ ఇవ్వలేదు. చైనావాళ్ళు కాని ఎనభై మందిలో ఒకరికి తప్ప అందరికీ ఇచ్చారు. యిక్ వో లాండ్రీ యజమాని జరిమానా కట్టనన్నాడు, జైలుకెళ్ళాడు, అక్కడినుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1886లో కోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. చట్టం పైకి ఎంత నిష్పాక్షికంగా కనిపించినా, అమలు చేసే చేతిలో పక్షపాతం ఉంటే అది చెల్లదు. ఇంకోటి కూడా చెప్పింది, అది మనకు ఎక్కువ ముఖ్యం. పద్నాలుగో సవరణలో సమాన రక్షణ పౌరులకు మాత్రమే ఇచ్చింది కాదు, వ్యక్తులందరికీ ఇచ్చింది. వీసా మీద ఉన్న మనిషికి ఈ దేశపు కోర్టులో గొంతెత్తే అర్హత ఉందంటే దాని మొదటి పునాదుల్లో ఒకటి ఆ లాండ్రీ కేసు.

చైనావాళ్ళు అన్ని కేసులూ గెలవలేదు. ఓడినవే పెద్దవి. ఛే చాన్ పింగ్ అనే కూలీ పన్నెండేళ్ళు ఇక్కడ పనిచేసి, తిరిగి రావడానికి ప్రభుత్వం ఇచ్చిన ధ్రువపత్రం జేబులో పెట్టుకుని స్వదేశం వెళ్ళొస్తున్నాడు. ఓడ సముద్రం మీద ఉండగా, 1888 అక్టోబరు 1న, అలాంటి ధ్రువపత్రాలన్నీ చెల్లవని కొత్త చట్టం వచ్చింది. వారం తర్వాత ఓడ రేవుకొస్తే దిగనివ్వలేదు. ఇరవై వేల మంది దగ్గర అలాంటి కాగితాలున్నాయి. సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే నిలిచింది. ఈ సెప్టెంబరు 19న హెచ్-1బికి లక్ష డాలర్ల రుసుము అని ప్రకటన వచ్చిన రాత్రి విమానం ఎక్కి కూడా దిగిపోయినవాళ్ళున్నారు. కొత్త దరఖాస్తులకే అని వివరణ వచ్చేదాకా ఆ వారాంతం ఎలా గడిచిందో అందరికీ గుర్తే. సరిహద్దు దగ్గర ప్రభుత్వానికి ఇంత బలం ఎక్కడిదని అడుగుతారు చాలామంది. చాలావరకు ఛే చాన్ పింగ్ ఓడిపోయిన కేసు నుంచే.

1892లో గియరీ చట్టం వచ్చింది. ప్రతి చైనా కూలీ నివాస ధ్రువపత్రం దగ్గర పెట్టుకు తిరగాలి, లేకపోతే అరెస్టు. పత్రం లేదంటే, తాను ముందునుంచీ ఇక్కడే ఉన్నానని ఒక తెల్లవాడి చేత సాక్ష్యం చెప్పించుకోవాలి. అప్పుడు చైనాటౌన్‌లో సిక్స్ కంపెనీస్ అని పిలిచే సంఘం ఒక పిలుపునిచ్చింది. ఎవరూ నమోదు చేసుకోవద్దు, కేసు వెయ్యడానికి తలా ఒక డాలరు ఇవ్వండి అని. బట్టలుతికేవాళ్ళు, వంటవాళ్ళు, రైలు పట్టాలేసినవాళ్ళు ఇచ్చిన డాలర్లతో దేశంలో పేరున్న లాయర్లను పెట్టారు. 1893లో ఆ కేసు 5–3 తేడాతో ఓడిపోయారు. అంత డబ్బూ పోయింది. అయినా ఐదేళ్ళలో మళ్ళీ అదే కోర్టు ముందు నిలబడ్డారు.

ఆ కేసే వాంగ్ కిమ్ ఆర్క్ కేసు. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

వాంగ్ 1873లో శాన్ ఫ్రాన్సిస్కోలో, శాక్రమెంటో వీధి 751 నంబరు ఇంట్లో పుట్టాడు. తల్లిదండ్రులు చిన్న వ్యాపారులు. వాళ్ళు 1890లో చైనా తిరిగి వెళ్ళిపోయారు. ఇతను ఇక్కడే వంటవాడిగా పనిచేసుకునేవాడు. ఒకసారి చైనా వెళ్ళొచ్చాడు, ఏ ఇబ్బందీ రాలేదు. 1894లో మళ్ళీ వెళ్ళాడు. వెళ్ళేముందు, ఇతను ఇక్కడే పుట్టాడని తెల్లవాళ్ళ చేత సంతకాలు పెట్టించుకున్న కాగితం, ఫోటోతో సహా సిద్ధం చేసుకున్నాడు. 1895 ఆగస్టులో కాప్టిక్ అనే ఓడలో వచ్చాడు. కస్టమ్స్ కలెక్టరు దిగనివ్వలేదు. నువ్విక్కడ పుట్టావు, నిజమే, కానీ నీ తల్లిదండ్రులు చైనా చక్రవర్తి ప్రజలు, కాబట్టి నువ్వు పౌరుడివి కావు అన్నది ప్రభుత్వం వాదన. తను పుట్టిన ఊరు కళ్ళెదుట కనిపిస్తుండగా ఆ కుర్రవాడు నెలల తరబడి రేవులో ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు మారుతూ బందీగా గడిపాడు. సిక్స్ కంపెనీస్ లాయరును పెట్టి, బందీని కోర్టు ముందు హాజరుపరచమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ వేయించింది. 1896 జనవరి 3న జిల్లా జడ్జి మారో అతన్ని విడుదల చేశాడు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

1898 మార్చి 28న తీర్పు. 6–2. రాసినవాడు జస్టిస్ హొరేస్ గ్రే. ఈ కోర్టు ఎలాంటి కోర్టో గమనించండి. రెండేళ్ళ ముందు ప్లెసీ కేసులో నల్లవాళ్ళకు వేరే రైలుపెట్టె పెట్టడం తప్పు కాదన్న కోర్టు ఇదే. ఆ కేసులో ఒంటరిగా అసమ్మతి రాసి చరిత్రలో నిలిచిపోయిన జస్టిస్ హార్లన్, ఈ కేసులో మాత్రం వాంగ్‌కు వ్యతిరేకంగా అసమ్మతివైపు చేరాడు. అంటే వాంగ్ దయగల జడ్జీల ముందుకు వెళ్ళి గెలవలేదు. కాదనడానికి వీల్లేనంత గట్టిగా కేసు కట్టారు, అందుకు గెలిచాడు.

గ్రే తీర్పు చాలా పొడుగు. సారం చెబుతాను. ఇంగ్లండు న్యాయసంప్రదాయంలో, 1608 నాటి కాల్విన్ కేసు నుంచీ, రాజు నేల మీద పుట్టినవాడు రాజు ప్రజే. తల్లిదండ్రులు పరాయివాళ్ళయినా సరే. అమెరికా ఆ సంప్రదాయాన్నే తెచ్చుకుంది, పద్నాలుగో సవరణ దాన్నే రాతలో పెట్టింది. మరి ‘అధికార పరిధికి లోబడి’ అన్న మాట ఎందుకు? ఇక్కడ ఉన్నా ఇక్కడి చట్టానికి లోబడనివాళ్ళు కొందరుంటారు కాబట్టి. విదేశీ రాయబారుల పిల్లలు, దేశంలో ఒక భాగాన్ని ఆక్రమించుకున్న శత్రుసైన్యం పిల్లలు, విదేశీ ప్రభుత్వ నౌకల మీద పుట్టినవాళ్ళు. అప్పట్లో తమ తెగల ప్రభుత్వం కింద ఉన్న ఆదివాసులు కూడా. వాళ్ళకు పౌరసత్వం 1924లో చట్టం ద్వారా వచ్చింది. ఇంతే మినహాయింపులు. మిగతావాళ్ళు ఇక్కడి పోలీసు పట్టుకుంటే పట్టుబడతారు, ఇక్కడి పన్ను కడతారు, ఇక్కడి కోర్టు పిలిస్తే హాజరవుతారు. అదే అధికార పరిధి.

మరి ఇప్పుడు ప్రభుత్వం ఏ ఆధారంతో వాదిస్తోంది? ఆ వాదన కూడా మీకు తెలియాలి. గ్రే తన తీర్పులో ప్రశ్నను చెప్పేటప్పుడు, వాంగ్ తల్లిదండ్రులు ఇక్కడ స్థిరనివాసం ఏర్పరచుకున్నవాళ్ళు అని రాశాడు. ఒకసారి కాదు, చాలాసార్లు రాశాడు. కాబట్టి ఆ తీర్పు స్థిరనివాసం ఉన్నవాళ్ళ పిల్లలకే, స్టూడెంట్ వీసా మీదో హెచ్-1బి మీదో ఉన్నవాళ్ళది తాత్కాలిక నివాసం, వాళ్ళ విధేయత ఇంకా వాళ్ళ దేశానికే అన్నది వాదన. పైకి బలంగానే కనిపిస్తుంది. నా ఉద్దేశంలో నిలవదు. కారణం గ్రే తీర్పులోనే ఉంది. కేసులోని మనుషుల వివరంగా స్థిరనివాసం వస్తుంది కానీ, తర్కం మొత్తం పుట్టిన నేల మీదే నిలబడింది. కొద్దిరోజులు వచ్చివెళ్ళే విదేశీయుడు కూడా ఉన్నన్నాళ్ళూ ఈ దేశానికి తాత్కాలికంగా విధేయుడేనని 1812లో జాన్ మార్షల్ రాసిన తీర్పును గ్రే ప్రత్యేకంగా ఎత్తి చూపాడు. స్థిరనివాసమే షరతు అయితే ఆ భాగమంతా రాయనక్కర్లేదు. రెండోది, 1940లోనూ మళ్ళీ 1952లోనూ కాంగ్రెస్ ఇవే మాటలను చట్టంలో పెట్టింది. అప్పటికి ఆ మాటలకు అర్థం దేశంలో అందరికీ స్థిరపడి ఉంది. రాజ్యాంగం మాట పక్కన పెట్టినా, చట్టాన్ని అధ్యక్షుడు ఒక సంతకంతో మార్చలేరు.

ఇంత పెద్ద కేసు గెలిచిన వాంగ్ సుఖపడ్డాడా? లేదు. 1901లో టెక్సస్‌లోని ఎల్ పాసోలో అతన్ని అరెస్టు చేశారు. చట్టవిరుద్ధంగా ఉన్న చైనా కూలీ అని. సుప్రీంకోర్టు తీర్పు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషే, తను పౌరుడినని నిరూపించుకోవడానికి మళ్ళీ నెలలు పట్టింది. 1910లో అతని పెద్దకొడుకు వస్తే అధికారులు నమ్మక వెనక్కి పంపేశారు. వాంగ్ చివరికి 1930ల్లో చైనా వెళ్ళిపోయాడు. అతను గెలిచిన హక్కు అతనికన్నా మనకే ఎక్కువ పనికొచ్చింది. ఇది తలచుకుంటే నాకు మనసు బరువెక్కుతుంది.

ఇప్పుడు మనవాళ్ళ కేసు. భగత్ సింగ్ థిండ్ పంజాబ్ నుంచి 1913లో వచ్చాడు. ఆరెగన్‌లో కలప మిల్లుల్లో పనిచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరాడు. 1918 డిసెంబరులో సైనిక దుస్తుల్లోనే పౌరసత్వం తీసుకున్నాడు. నాలుగు రోజుల్లో రద్దు చేశారు. మళ్ళీ 1920లో ఆరెగన్ కోర్టు ఇచ్చింది, ప్రభుత్వం అప్పీలుకెళ్ళింది. అప్పటి చట్టం ప్రకారం వలస వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళూ ఆఫ్రికా సంతతివాళ్ళూ మాత్రమే పౌరులు కాగలరు. 1922 నవంబరులో ఒజావా అనే జపాను దేశస్థుడి కేసులో, తెలుపంటే చర్మం రంగు కాదు, కాకేసియన్ జాతి అని జస్టిస్ సదర్లండ్ రాశాడు. అయితే ఉత్తర భారతీయులు కాకేసియన్లేనని శాస్త్రవేత్తలే అంటున్నారు కదా అని థిండ్ లాయర్లు పట్టుకున్నారు. మూడు నెలలకే, 1923 ఫిబ్రవరి 19న, అదే సదర్లండ్ మాట మార్చాడు. శాస్త్రం సంగతి అలా ఉంచండి, మామూలు మనిషి దృష్టిలో హిందువు (అప్పట్లో ఇక్కడ భారతీయులందరినీ అలాగే అనేవారు) తెల్లవాడు కాడు అని. ఏకగ్రీవం. ఆ తర్వాత అప్పటికే పౌరులైన భారతీయుల మీద పడ్డారు. వైష్ణో దాస్ బగాయ్ ఇదే శాన్ ఫ్రాన్సిస్కోలో దుకాణం నడుపుకునేవాడు. పౌరసత్వం పోయి, దాంతో ఆస్తి హక్కు కూడా పోయి, 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు.

మన భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్ చేరింది ఆ కాలంలోనే. కణాల్లో శక్తి ఎలా నిల్వ ఉంటుందో తేల్చిన పరిశోధనలో పాలుపంచుకున్న మనిషి, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్‌కు దారివేసిన మనిషి, రెండు దశాబ్దాలకు పైగా ఈ దేశంలో పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే అర్హత కూడా లేకుండా పనిచేశారు. 1946లో లూస్–సెల్లర్ చట్టం వచ్చాకే భారతీయులకు ఆ తలుపు తెరుచుకుంది. 1948లో ఆయన కన్నుమూశారు.

థిండ్ అంటే నాకు గౌరవం ఉంది. కానీ కోర్టులో ఆయన తరఫున చేసిన వాదన తప్పు. ఆ చట్టం అన్యాయమని వాదించలేదు. నేను అగ్రకులం వాణ్ణి, ఆర్యుణ్ణి, మిగతా ఆసియావాళ్ళలాంటివాణ్ణి కాదు, నన్ను ఆ పక్కన కూర్చోబెట్టండి అన్నారు. కులాన్ని సముద్రం దాటించి సుప్రీంకోర్టు ముందు పెట్టారు. వాంగ్ వాదన అది కాదు. ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ వర్తించే మాటే అతను చెప్పాడు, అందుకే గెలిచినప్పుడు అందరికీ గెలిచాడు. ఇవాళ మన సమావేశాల్లో, మన గ్రూపుల్లో ఒక మాట తరచుగా వినిపిస్తోంది. మేం లీగల్‌గా వచ్చాం, గోడ దూకి వచ్చినవాళ్ళతో మమ్మల్ని కలపొద్దు అని. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ 14160 ఉత్తర్వు రాసినవాళ్ళు మనల్ని వాళ్ళతో కలిపే రాశారు. విడిగా నిలబడితే మనకు దొరికేది థిండ్‌కు దొరికినదే. కలిసి నిలబడితే, ఆ హోండురాస్ తల్లి గెలుపులో మన పిల్లలున్నారు.

ఇంకొక్క కేసు చెప్పి వర్తమానంలోకి వస్తాను. జగదీశ్ రాయ్ చద్దా కెన్యాలో పుట్టిన భారతీయ సంతతి కుర్రవాడు. 1966లో ఒహాయోలో చదువుకోవడానికి వచ్చాడు. వీసా ముగిసేసరికి కెన్యా రానివ్వలేదు, బ్రిటన్ జాప్యం చేసింది. ఇమ్మిగ్రేషన్ జడ్జి దయతలచి డిపోర్టేషన్ ఆపేశాడు. 1975 డిసెంబరులో ప్రతినిధుల సభ, చర్చ లేకుండా, ఓట్ల లెక్క లేకుండా, ఆరుగురి పేర్లు చదివి వాళ్ళను పంపించెయ్యమంది. అందులో ఒకడు చద్దా. అలన్ మారిసన్ అనే ప్రజాప్రయోజనాల లాయరు అతని కేసు తీసుకున్నాడు. 1983లో సుప్రీంకోర్టు 7–2 తేడాతో, ఒక్క సభ ఇలా వీటో చెయ్యడం చెల్లదు, చట్టమంటే రెండు సభలూ దాటి అధ్యక్షుడి ముందుకు వెళ్ళాల్సిందే అంది. దాదాపు రెండు వందల చట్ట నిబంధనల్లోని అలాంటి వీటోలకు ఆ తీర్పు దెబ్బ తగిలిందని అసమ్మతి తీర్పులో జస్టిస్ వైట్ రాశారు. వీసా ముగిసిన ఒక విద్యార్థి పేరు ఇవాళ ఈ దేశంలో ప్రతి లా విద్యార్థీ చదువుతాడు. మంచి లాయరు, పట్టుదల ఉన్న కక్షిదారు, ఇద్దరూ కలిస్తే ఏం జరుగుతుందో చెప్పడానికే ఈ కేసు తెచ్చాను. చద్దా వెనక అప్పుడు సిక్స్ కంపెనీస్ లాంటి భారతీయ సంఘం ఏదీ లేదు. లాయరు దొరకడం అతని అదృష్టం.

ఈ ఏడాది ఏం జరిగింది? ఉత్తర్వు వచ్చిన మూడో రోజే సియాటిల్‌లో జడ్జి కాఫెనార్, రీగన్ నియమించిన జడ్జి, ఇది బాహాటంగా రాజ్యాంగ విరుద్ధమని ఆపేశారు. మేరీలండ్‌లో, మసాచుసెట్స్‌లో కూడా ఆపేశారు. ఆ ఉత్తర్వులు దేశమంతటికీ వర్తించేలా ఇచ్చారు. ప్రభుత్వం తెలివిగా వెళ్ళింది. పౌరసత్వం ప్రశ్నను సుప్రీంకోర్టు ముందు పెట్టలేదు, ఒక్క జిల్లా జడ్జి దేశమంతటికీ స్టే ఇవ్వొచ్చా అన్న ప్రశ్న మాత్రమే పెట్టింది. జూన్ 27న ట్రంప్ వర్సెస్ కాసా తీర్పు వచ్చింది. 6–3. జస్టిస్ బారెట్ రాశారు. కేసు వేసినవాళ్ళకు పూర్తి ఉపశమనం ఇవ్వడానికి ఎంత కావాలో అంతవరకే ఇవ్వాలి, కేసులో లేనివాళ్ళకు కూడా వర్తించేలా ఇచ్చే అధికారం జిల్లా కోర్టులకు లేనట్టే అని సారాంశం.

ఈ తీర్పును చాలామంది రాజకీయ వార్తగా చదివి వదిలేశారు. నేను మాత్రం దీన్ని మనకు పంపిన నోటీసుగా చదువుతాను. ఇదివరకు ఎవరో ఎక్కడో కేసు గెలిస్తే మనకూ వర్తించేది. ఊళ్ళో ఒకరు బావి తవ్విస్తే అందరూ నీళ్ళు తోడుకున్నట్టు బతికాం. ఇకమీదట అలా కాదు. కేసులో ఉన్నవాళ్ళకే రక్షణ. మనలాంటివాళ్ళందరూ కేసులో ఉండటానికి ముఖ్యంగా రెండు దారులు మిగిలాయి. ఒకటి క్లాస్ యాక్షన్, ఒకే రకం నష్టం ఉన్నవాళ్ళందరి తరఫున కొందరు వేసే దావా. కాసా తీర్పు వచ్చిన రోజునే లాయర్లు న్యూ హాంప్‌షైర్‌లో అలాంటి దావా వేశారు, జులై 10న జడ్జి లప్లాంట్, జార్జి డబ్ల్యు బుష్ నియమించిన జడ్జి, దేశవ్యాప్తంగా అలాంటి పిల్లలందరినీ ఒక క్లాసుగా గుర్తించి ఉత్తర్వును ఆపేశారు. ఇప్పుడు సుప్రీంకోర్టు తీసుకున్నది అదే కేసు.

రెండో దారి సంఘాలు. ఒక సంఘం తన సభ్యుల తరఫున కేసు వెయ్యొచ్చు. గెలిస్తే ఆ ఉపశమనం ఏ రాష్ట్రంలో ఉన్న సభ్యుడికైనా వర్తిస్తుంది. కాసా కేసులోనే వాది అయిన కాసా ఒక వలసదారుల సంఘం. 1977లో వాషింగ్టన్ ఆపిల్ కమిషన్ కేసులో సుప్రీంకోర్టు దీనికి మూడు షరతులు పెట్టింది. సభ్యుల్లో కనీసం ఒకరికి సొంతంగా కేసు వేసేంత నష్టం ఉండాలి. కేసు విషయం సంఘం పెట్టుకున్న ఉద్దేశాలకు సంబంధించినదై ఉండాలి. ప్రతి సభ్యుడూ విడివిడిగా కోర్టుకు రావలసిన అవసరం లేని కేసై ఉండాలి.

మన సంఘాలు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. మొదటి షరతుకు తగిన సభ్యులు మన దగ్గర వేలల్లో ఉంటారు. ఇబ్బంది రెండో షరతుతో. మన సంఘాల నిబంధనావళి తీసి చదవండి. భాష, సంస్కృతి, కళలు, పండుగలు, సేవ. ఇవన్నీ ఉండవలసినవే. సభ్యుల వలస హక్కులు, పౌరహక్కుల రక్షణ అన్న ఒక్క వాక్యం మాత్రం నేను చూసినవాటిలో కనిపించలేదు. ఆ వాక్యం లేని సంఘం కోర్టుకు వెళితే, ఇది మీ ఉద్దేశాల్లో లేదు కదా అని ప్రభుత్వ లాయరు మొదటి వాయిదాలోనే అడుగుతాడు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ వాక్యం చేర్చండి. పన్ను మినహాయింపు పోతుందేమోనని కొందరు భయపడుతున్నారు. కోర్టులో కేసు వెయ్యడం సాధారణంగా లాబీయింగ్ కిందికి రాదు. అయినా మీ అకౌంటెంటును, నాన్‌ప్రాఫిట్ చట్టం తెలిసిన లాయరును అడిగి చెయ్యండి. సభ్యుల పట్టీ సరిగ్గా పెట్టుకోండి. పిక్నిక్‌కు వచ్చినవాళ్ళ ఈమెయిళ్ళ జాబితా సభ్యత్వం కాదు. సభ్యత్వ రుసుము కట్టి, ఓటు హక్కు ఉన్నవాళ్ళు సభ్యులు. న్యాయనిధి ఒకటి విడిగా పెట్టండి. మహాసభల్లో ఒక రాత్రి సంగీత కార్యక్రమానికి పెట్టే ఖర్చులో కొంత అటు మళ్ళిస్తే, మంచి లాయర్లు అమికస్ బ్రీఫ్, అంటే కేసులో కక్షిదారులు కానివాళ్ళు కోర్టుకు ఇచ్చే వాదనపత్రం, రాసి పెట్టగలుగుతారు. తలా ఒక డాలరుతో మొదలుపెట్టినా సరే.

ప్రసంగానికి ముందు ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు నన్ను పక్కకు పిలిచి అడిగారు. అందరి ముందూ జవాబు చెబుతాను, మిగతావాళ్ళకూ పనికొస్తుంది. మాకు వచ్చే నెలల్లో డెలివరీ ఉంది, మేమేం చెయ్యాలి అని. ఇవాళ్టికి, అంటే 2025 డిసెంబరు నాటికి, ఆ ఉత్తర్వు దేశంలో ఎక్కడా అమల్లో లేదు. న్యూ హాంప్‌షైర్ క్లాసులో ఉన్నది పిల్లలు, తల్లిదండ్రులు కాదు. 2025 ఫిబ్రవరి 20 నుంచి పుట్టిన, ఇకమీదట పుట్టే అలాంటి పిల్లలందరూ దానంతట అదే అందులో ఉన్నట్టు. పేరు నమోదు చేసుకోవాల్సిన పని లేదు, ఫీజు లేదు. క్లాసులో చేరుస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. బిడ్డ పుట్టగానే బర్త్ సర్టిఫికెట్ తీసుకోండి, ఆలస్యం చెయ్యకుండా పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టండి. ప్రసవం నాటికి మీ ఇద్దరి హోదా చూపే ఐ-94లు (దేశంలోకి వచ్చిన నమోదు పత్రాలు), ఐ-797లు (వీసా హోదా ఆమోద పత్రాలు), కంపెనీ మీ గ్రీన్‌కార్డు కోసం పెట్టే ఐ-140కి ఆమోదం వచ్చి ఉంటే అది, ఇంటి అద్దె లేదా లోను కాగితాలు, పన్ను రిటర్నులు ఒక ఫైల్లో పెట్టుకోండి. స్థిరనివాసం మీద వాదన నడుస్తోంది కాబట్టి ఆఖరివి కూడా దాచమంటున్నాను. సుప్రీంకోర్టు తీర్పు 2026 వేసవిలోగా రావాలి. ఏదైనా మారితే మీ లాయరును అడగండి. లాయరు లేకపోతే ఇవాళ బయట బల్ల దగ్గర ఇమ్మిగ్రేషన్ ప్రాక్టీసు చేస్తున్న మన పిల్లలు ముగ్గురు కూర్చున్నారు, ఉచితంగా మాట్లాడతారు. మీ ప్రశ్నలు ఇప్పుడు అడగండి.